క్రీడాభంగము, క్రోధము, ధర్మము

2011వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన సోనీ సంస్థవారు తమ ప్లేస్టేషన్ నెట్‌వర్కును తమ చేతులతో తామే మూసివైచిరి. ఆ నెల 17వ తేదీకిని 19వ తేదీకిని నడుమ పరులెవరో తమ సర్వర్లలోనికి చొరబడిరనియు, చొరబడినవారు ఎంత లోతుకు పోయిరో, ఏమేమి పట్టుకొనిపోయిరో తేలువరకు తలుపులు బిగించుట తప్ప గత్యంతరము లేకపోయెననియు వారు పిమ్మట చెప్పుకొనిరి. ఏడు కోట్ల డెబ్బది లక్షల ఖాతాలు గల ఆ క్రీడారంగమున మూడు వారములకు పైగా దీపము వెలుగలేదు. మే 14వ తేదీన అమెరికాలో మొదలుపెట్టి ఒక్కొక్క ప్రాంతముగా తిరిగి తెరచుచు వచ్చిరి గాని, సంస్థకు పుట్టినిల్లయిన జపానులో మే 28 వరకు ఆ గడియ తీయబడలేదు. పగటి పనులు ముగించుకొని, భోజనము చేసి, మీట నొక్కి తెర ముందు కూర్చున్నవానికి ఆ దినములలో 80710ఏ06 అను ఒక సంఖ్యయు, మరమ్మతు జరుగుచున్నదని చెప్పు ఒక ముక్తసరి వాక్యమును తప్ప వేరేమియు దర్శనమీయలేదు.

ఆటగాండ్రు మండిపడిరి. తిట్టినవారు తిట్టిరి; యంత్రమును అమ్మివేసి పోటీ సంస్థవారి ఎక్స్‌బాక్సు కొనుక్కొందుమని బెదిరించినవారు బెదిరించిరి; కొందరు అమెరికాలో న్యాయస్థానముల మెట్లెక్కిరి. ఆ మంటను చూచి నవ్వినవారును లేకపోలేదు. ఆ యేడు మార్చి 11న వచ్చిన భూకంపమునకును ఉప్పెనకును వేలకు వేలు ప్రాణములు బలియై జపాను ఇంకను తేరుకొనని దినములవి; అట్టి దినములలో ఆట ఆగినదని అంగలార్చుట ఏమి మనుష్యత్వమని అడుగుట సులభము. ఆ ప్రశ్న వినుటకు గంభీరముగానే యుండును. కాని ఒకని దుఃఖము పెద్దదైనంతమాత్రమున వేరొకని ఫిర్యాదు అబద్ధమై పోదు. ఊరిలో ఇల్లు కాలినవాడున్నాడు గనుక జేబు కొట్టబడినవాడు నోరు మూసికొనవలెనని ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు. కావున నవ్వుట మాని, ఆ కోపము ఏ జాతికి చెందినదో విచారించుట మనకు కర్తవ్యము.

కోపమును గూర్చి మన పెద్దలు చెప్పినదంతయు కూడబెట్టి చూచినచో, అది రెండు మూలములనుండి పుట్టుచున్నట్లు తోచును. కోరిన వస్తువు చేతికందనప్పుడు పుట్టునది యొకటి. చేయరాని పని యొకడు చేసినప్పుడు పుట్టునది వేరొకటి. మొదటిది రాగమునకు పుట్టినది. రెండవది ధర్మమునకు కావలి యున్నది. పైకి రెండును ముఖము నొకే తీరున ఎఱ్ఱబారజేయును, గొంతు నొకే తీరున పెంచును. అందుచేత ఎదుటివాడే గాక, కోపించినవాడు సయితము తన కోపమెట్టిదో తాను గుర్తింపలేకపోవుట సామాన్యము. ప్లేస్టేషన్ ఆటగాండ్ర కోపమున ఈ రెండును నీరక్షీరములవలె కలిసిపోయియుండినవి. ఒకదానికి మందు వైరాగ్యము. రెండవదానికి మందు న్యాయము. ఒకదాని మందు వేరొకదానికి వేసినచో రోగము కుదురకపోవుట యటుండగా, వైద్యుడు అపరాధియగును.

ముందుగా ఆట యనగా నేమో చూడవలసియున్నది. కెనడాలో అధ్యాపకుడుగా నుండిన బెర్నార్డ్ సూట్స్ అను తత్త్వవేత్త 1978లో ప్రకటించిన 'ది గ్రాస్‌హాపర్' అను గ్రంథమున ఆటకు చేసిన నిర్వచనము మిక్కిలి సమంజసమైనది. అవసరము లేని అడ్డంకులను మనఃపూర్వకముగా నెత్తికెత్తుకొని, వానిని దాటుటకు చేయు ప్రయత్నమే ఆటయని ఆయన మతము. గోల్ఫు బంతిని చేత పట్టుకొనిపోయి గుంటలో వేయుట ఎవరికైనను సాధ్యమే. అట్లు చేయక, దూరమున నిలిచి కఱ్ఱతో కొట్టియే వేయుదునని ఒప్పుకొనుటచేత అది ఆట యగుచున్నది. తెరమీది ఆటలకు ఈ మాట అక్షరాల చెల్లును. ఆటలోని రాక్షసుని చేతిలో నూరుమారులు చచ్చి నూటయొకటవమారు చిరునవ్వుతో లేచి నిలుచువాడు, సర్వరు మూతపడినదన్న ఒక్క వాక్యమును చూచి చేతిలోని కంట్రోలరును ఏల విసరికొట్టుచున్నాడు? ఆ నూరు చావులకును అతడు ముందే ఒడంబడియున్నాడు. అవి అతడు వరించి తెచ్చుకొన్న కష్టములు. ఈ కష్టమును అతడు వరింపలేదు. దీనిని దాటుటకు నేర్పు కొఱగాదు, సాధన కొఱగాదు. ఓర్చుకొనుట తప్ప దారిలేదు, ఆ ఓర్పునకు గడువెంతయో చెప్పు దిక్కును లేదు.

ఈ భేదము ఎంత సూక్ష్మమైనదో, ఎంత బలమైనదో తెలిసికొనుటకు పిమ్మటి కాలపు వృత్తాంత మొకటి కలదు. 2019 అక్టోబరు 13వ తేదీన ఫోర్ట్‌నైట్ అను ఆటలోని ద్వీపమంతయు ఆటగాండ్రు చూచుచుండగనే ఒక కృష్ణబిలములోనికి ఈడ్వబడి మాయమైపోయెను. అటుపిమ్మట ఎవరు ఆట తెరచినను కనబడినది ఆ నల్లని బిలమొక్కటే. 15వ తేదీన క్రొత్త ద్వీపముతో క్రొత్త అధ్యాయము మొదలగువరకు ఎవ్వరికిని ఆడుటకు వీలు లేకపోయెను. అయినను జనులు క్రోధమునకు మారుగా కుతూహలమును పొందిరి. లక్షలకొలది మనుష్యులు కదలిక లేని ఆ చీకటిని కన్నార్పక చూచుచు గంటలు గడపిరి. ప్రపంచము లయమై మరల సృష్టి యగునను ఊహకు అలవాటుపడిన మనకు ఇందు వింత లేదు. ప్రళయము కథలో భాగమని తెలిసినవానికి ప్రళయమును వేడుకయే యగును. 2011లోను 2019లోను ఆటగానికి దక్కనిది ఒక్కటే. రెండుచోట్లను ఆట లేదు. ఒకచోట ఆ లేమికి ఆటలోనే అర్థము కలదు, వేరొకచోట దానికి అర్థమే లేదు. కనుక ఆట దొరకకపోవుటయే క్రోధమునకు సంపూర్ణమైన కారణమనుట పొసగదు.

అయినను రాగమునకు ఇందు పాలు లేదనుట సత్యము కాదు; ఆ పాలును దాచిపెట్టి ఆటగాండ్రను కేవలము బాధితులుగా నిలబెట్టుట వారికిని మేలు చేయదు. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయపు మొదటి పాదమున ఒక పూర్వపక్షము వచ్చును: ఈశ్వరుడు పూర్ణుడు గదా, కోరదగినదేదియు లేనివాడు ఈ జగత్తును ఏ ప్రయోజనమునకై సృజించెనని. సూత్రకారుని సమాధానము లీల. కోరికలన్నియు తీరిన రాజుగాని మంత్రిగాని ఏ ప్రయోజనమును ఆశింపకయే విహారభూములలో క్రీడించునట్లును, ఉచ్ఛ్వాస నిశ్వాసములు వానంతట అవియే నడచునట్లును ఈ సృష్టి జరుగుచున్నదని శంకర భగవత్పాదులు దానిని వివరించిరి. నిజమైన ఆట నిండుదనమునుండి పొంగునదే గాని, వెలితిని పూడ్చుటకై వెదకికొనునది కాదని దీని సారము. రాజు వనమున విహరించుచుండగా వాన వచ్చినచో నవ్వుచు మందిరమునకు మరలును. ఆ సాయంకాలము విహారము లేకపోయినంతమాత్రమున అతని రాజ్యము తరిగిపోదు.

మనము నిండుదనముతో ఆడుచున్నామో, వెలితితో ఆడుచున్నామో ఆట సాగుచున్నంతసేపు తెలియదు. అది ఆట ఆగిననాడే బయటపడును. ఆ మూడు వారములలో ఎందరో తమ సాయంకాలములు ఇంత పొడవైనవా యని మొదటిసారి కనుగొనియుందురు. విషయమును ధ్యానించువానికి దానిపై సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, క్రోధమువలన సమ్మోహము కలుగునని భగవద్గీత రెండవ అధ్యాయము చెప్పిన సోపానక్రమము, ఒక్కొక్క మెట్టుగా దిగుచున్న తన పాదములను తానే చూచికొనగలిగినవానికి, ఆ దినములలో ప్రత్యక్షముగా గోచరించియుండును. ట్రోఫీల పట్టికలో క్రొత్తది చేరదేయను దిగులు, తాను లేని వేళ పక్క సంస్థవారి ఆటగాండ్రు ముందునకు పోవుచున్నారేయను ఈర్ష్య, అరగంటకొకమారు మీట నొక్కి అదే సంఖ్యను మరల చూచి మరల ఉడుకుట, వీనికి ఏ సంస్థయు సమాధానము చెప్పనక్కరలేదు. ఇది ఆటగాడు తన ఇంటిలో తాను ఊడ్చుకొనవలసిన దుమ్ము.

అయితే ఈ మాటతో విచారణ ముగిసినదనుకొనువాడు ఆ యంత్రముతో జనులు ఏమి చేయుచుండిరో ఎఱుగనివాడు. ఆ మూతకు సరిగా ఒక దినము ముందు, ఏప్రిలు 19న, అమెరికాలో 'పోర్టల్ 2' అను ఆట విడుదలయ్యెను. అందులో ఒంటరిగా ఆడుకొను కథ యొకటి కలదు. అదిగాక రెండు రోబోలు జంటగా నడిచి, ఒకటి తెరచిన ద్వారమున రెండవది దూకుచు, ఒకరి బుద్ధి కొకరు తోడై విప్పవలసిన చిక్కుముడుల వరుస యొకటి వేరుగా కలదు. నెట్‌వర్కు మూతపడినను ఒంటరి కథకు లోటు రాలేదు. ఒకే గదిలో ఇద్దరు కూర్చుండి తెరను రెండుగా చీల్చుకొని ఆ జంట ఆటను సయితము ఆడుకొనవచ్చును. అసాధ్యమైపోయినది ఒక్కటే, వేరొక ఊరిలోనున్న నేస్తముతో ఆడుట. కావున నెట్‌వర్కు మూసినది వినోదమును మాత్రమే యనుట పొరపాటు. అది ప్రధానముగా సాంగత్యమును మూసినది. చదువులకును ఉద్యోగములకును చెదరిపోయిన బాల్యమిత్రులు, రాత్రి పాళీలో పనిచేయువారు, మంచము దిగలేని రోగులు, వీరికి ఆ తెర ఒక రచ్చబండ. రచ్చబండ కోసము బెంగపెట్టుకొనుటను విషయలోలత్వమని యనుటకు మనసొప్పదు.

పరాధీనత యెట్టిదో అత్యంత సమీపమునుండి చూపిన ఉదాహరణ వేరొకటి కలదు. క్యాప్‌కామ్ సంస్థవారి 'ఫైనల్ ఫైట్: డబుల్ ఇంపాక్ట్', 'బయానిక్ కమాండో రీఆర్మ్‌డ్ 2' అను రెండు ఆటలను ప్లేస్టేషన్‌పై డబ్బు పెట్టి కొని, తమ ఇంటి యంత్రములోనికి దించుకొన్నవారు ఉండిరి. అవి ఒంటరిగా ఆడుకొనుటకును వీలైనవి. అయినను ప్రతిమారును నెట్‌వర్కులోనికి పోయి, ఇతడు కొన్నవాడేయని రుజువు చూపిననే గాని అవి తెరచుకొనవు. దొంగలను ఆపుటకు పెట్టిన ఆ తాళము దొరలను బయట నిలబెట్టినది. వైకుంఠపాళి పటము ఒకటి కొని చాపమీద పఱచుకొన్నవాడు గవ్వలు వేయుటకు ముందు పటము అచ్చువేసినవాని అనుమతికై కబురు పంపవలసిన స్థితి వచ్చినచో మనము దానిని కొనుగోలు అందుమా? కొన్నానని యనుకొన్నవాడు కొనలేదు. అతడు కొన్నది ఒక ప్రవేశపత్రము. ఈ యెఱుక ఒక్కసారిగా కలుగుటయే ఆ దినముల కోపములో సగము. ఆధారము కనబడనంతకాలము ఆధేయమే స్వతంత్రమని తోచుట అవిద్యా లక్షణమని వేదాంతులు చెప్పుదురు. ఇచ్చట ఆ అవిద్య పోయినది గాని, పోయిన తీరు సంతోషకరము కాదు.

ఇక రెండవ కోపము. 20వ తేదీన మూసినవారు 22వ తేదీన బయటివారి చొరబాటు జరిగినదనుమట్టుకు ఒప్పుకొనిరి. చొరబడినవారు ఆటగాండ్ర పేర్లు, చిరునామాలు, పుట్టినతేదీలు, సంకేతపదములు పట్టుకొనిపోయిరని తాము తలచుచున్నట్లు 26వ తేదీన గాని చెప్పలేదు. క్రెడిట్ కార్డు సంఖ్యలు పోలేదని నిశ్చయముగా చెప్పజాలమనియు ఆనాడే తెలిపిరి. పరిశోధకులు లోపలి లెక్కలు తేల్చుటకు అన్ని దినములు పట్టినదని సంస్థవారి సమాధానము. అందు నిజము లేకపోలేదు. కాని ఆ ఆరు దినములు ఆటగాడు ఆటకోసము ఎదురుచూచుచు కూర్చుండెను. తన ఇంటి తాళపుచెవి పరుల చేత పడినదేమోయని తెలిసియున్నచో అతడు వేరొక పని చేసియుండును. ఒకే సంకేతపదమును బ్యాంకుకును ఉత్తరములకును వాడుకొను అలవాటుగల లోకమున ఆరు దినములు స్వల్పకాలము కాదు. ఆట ఆపుట అపరాధము కాదు, ఆపుటయే ఆనాడు వివేకము. ఎందుకు ఆపితిమో పూర్తిగా చెప్పకపోవుటయే అపరాధము.

మన ధర్మశాస్త్రకారులకు ఇట్టి వ్యవహారము క్రొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున వ్యాజ్యములకు కారణములైన పదునెనిమిది పదములను లెక్కించుచు, ఋణముల వెంటనే రెండవ స్థానమున నిక్షేపమును నిలిపినది. ఒకడు నమ్మి దాచుమని ఇచ్చిన సొత్తును కాపాడుట రాజ్యమున అప్పు తీర్చుట తరువాత అంతటి పెద్ద సంగతియని వారి భావము. దాచిన సొత్తు దొంగల పాలైనను, నీటిలో కొట్టుకొనిపోయినను, అగ్నికి ఆహుతియైనను, అందులో తానేమియు తీసికొననియెడల దాచినవాడు చెల్లింపనక్కరలేదని మనువు మినహాయింపు ఇచ్చెను. ఇంతవరకు చదివి, మేమును దొంగలచేత దోచుకొనబడినవారమే గదాయని సంస్థవారు ఊపిరి పీల్చుకొనవచ్చును. కాని తన సొత్తు యెడల చూపిన జాగ్రత్త పరుల నిక్షేపము యెడల చూపక పోగొట్టినవాడు వడ్డీతో చెల్లింపవలెనని బృహస్పతి స్మృతి ఆ మినహాయింపునకు కళ్ళెము వేసినది. 2013 జనవరిలో బ్రిటను దేశపు సమాచార కమిషనరు కార్యాలయమువారు, సాఫ్టువేరును సకాలమున నవీకరించియుండినచో ఈ దాడిని నివారింపగలిగియుండెడివారని నిర్ణయించి, సోనీ యూరపు శాఖకు రెండున్నర లక్షల పౌండ్లు జరిమానా విధించిరి. ఎన్నో శతాబ్దముల ఎడము గల రెండు ధర్మాసనములు ఒకే తీర్పు చెప్పినవి.

ఆ సేవ ఉచితమైనది గదా, ఉచితముగా ఇచ్చినదానికి ఫిర్యాదేమని యనువారును ఉండిరి. ఆ కాలమున ప్లేస్టేషన్ 3 యందు ఇతరులతో కలిసి ఆడుటకు చందా లేకపోయిన మాట వాస్తవము. అయితే నెట్‌వర్కు కలదనియే జనులు యంత్రమును కొనిరి. ఆ వాగ్దానపు వెల యంత్రపు వెలలో చేరియున్నది. అదిగాక నిక్షేపధర్మము కూలితో పుట్టినది కాదు, నమ్మకముతో పుట్టినది. కూలి పుచ్చుకొననివాడు నిద్రపోవచ్చునని ఏ స్మృతియు అనలేదు. కౌటిల్యుడు జూదమును సయితము రాజ్యమున ఒక అధ్యక్షుని క్రింద నుంచి, శుద్ధమైన గవ్వలను పాచికలను అమర్చుట ఆ అధ్యక్షుని విధియని శాసించెను. ఆడువాని చపలత్వము ఎంతటిదైనను ఆడించువాని బాధ్యత తగ్గదని దీనివలన తెలియుచున్నది. ఇంతటి రాజనీతిజ్ఞుడు జూదరులకు నీతిబోధ చేసి ఊరకుండక, జూదశాల నడుపువానిని నియమములతో బిగించుట గమనింపదగినది.

చొరబడినవారిని గూర్చి ఒక మాట చెప్పక విడుచుట న్యాయము కాదు. ఆ యేడు జనవరిలో ప్లేస్టేషన్ 3 తాళమును విప్పిన జార్జ్ హాట్జ్ అను యువకునిపై సంస్థవారు దావా వేయగా, దానికి ప్రతీకారముగా అనానిమస్ అను పేరుగల అజ్ఞాతకూటమివారు ఏప్రిలు మొదటివారమున సంస్థ వెబ్‌సైట్లపై దాడికి దిగి, దానివలన ఆటగాండ్రకే బాధ కలుగుచున్నదని గ్రహించి వెనుదీసిరి. పిమ్మటి దొంగతనము తమది కాదని వారు చెప్పుకొనిరి. ఎవరు చేసినను, కొనినవానికి తన వస్తువుపై స్వాతంత్ర్యముండవలెనను వాదమునకు ఆ దొంగతనము తీరని కళంకమైనది. డచ్చి చరిత్రకారుడు యోహాన్ హుయిజింగా 1938లో వెలువరించిన 'హోమో లూడెన్స్' అను గ్రంథమున, ఆటలో మోసము చేయువానికన్న ఆటను చెడగొట్టువాడే హీనుడని చూపెను. మోసగాడు ఆట నియమములకు పైకైనను తలవంచును; చెడగొట్టువాడు ఆట చుట్టు గీచుకొన్న గిరినే చెరపివేయును. ఏడు కోట్ల మంది గిరిని చెరపినవానికి ఏ ఆశయమును కవచము కాజాలదు.

మే 1వ తేదీన టోక్యో నగరమున సోనీ ఉన్నతాధికారియైన కజువో హిరాయ్ మరి ఇద్దరు అధికారులతో కలిసి విలేఖరుల యెదుట నిలిచి, నడుము వంచి, కొన్ని క్షణములపాటు అట్లే తలవంచుకొని క్షమాపణ కోరెను. నల్లని కోట్లు ధరించిన ముగ్గురు పెద్దలు ఫోటోల మెఱుపుల నడుమ కదలక వంగియుండిన ఆ దృశ్యమును జగమంతయు చూచినది. పిమ్మట ఆటగాండ్రకు నిర్ణీతమైన పట్టికనుండి రెండేసి ఆటలను, ఒక నెల ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వమును ఉచితముగా ఇచ్చిరి. అందరిచేతను సంకేతపదములు మార్పించిరి. భద్రతకై ప్రత్యేకముగా ఒక ఉన్నతాధికారిని నియమించిరి. ఈ ఉపద్రవమువలన తమకు 1,400 కోట్ల యెన్ల వ్యయమగునని అంచనా వేసిరి. ఇది ప్రాయశ్చిత్తమా? పాపమునుండి విముక్తి పొందుటకు మార్గములను చెప్పుచు మనువు మొదట తన పాపమును తానే చాటుకొనుటను, పిమ్మట పశ్చాత్తాపమును, తపస్సును, అధ్యయనమును పేర్కొని, దానమును చిట్టచివర, అదియు ఆపత్సమయమున మాత్రమే యని పెట్టెను. సంస్థవారు దానమును ధారాళముగా చేసిరి, పశ్చాత్తాపమును మర్యాదగా చూపిరి. మొదటి మెట్టయిన చాటుకొనుట యొక్కటే ఆలస్యమైనది. ఆ మెట్టు తప్పినవానికి తక్కిన మెట్లు ఎంత విశాలమైనవైనను తడబాటు తప్పదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. ఆటగాండ్రకు వైరాగ్యమును బోధింపవచ్చునా? గ్రీకుల స్టోయిక్ మతాచార్యులలో దాసుడుగా జీవించిన ఎపిక్టెటస్ ఒకడు. అతని ఇంటిలో ఇనుపదీపము నొకనాడు దొంగ ఎత్తుకొనిపోయెను. రేపు మట్టిదీపము కొనుక్కొందును, మనుష్యుడు తన వద్దనున్నదానినే గదా పోగొట్టుకొనునది యని అతడు ఊరకుండెను. మన అధీనమున లేనిదానికై ఉడుకరాదను ఆ తత్త్వము మన వైరాగ్యమునకు దగ్గరి చుట్టము, మహోన్నతము. కాని ఆ మాట ఎవరి నోటినుండి వచ్చినదో చూడవలెను. దీపము పోయినవాడు తనతో తాను చెప్పుకొన్న మాట యది. దీపము కాజేసినవాడు చెప్పినచో అది పరిహాసమై యుండును. కావలి కాయుదునని మాట యిచ్చి నిద్రపోయినవాడు చెప్పినచో అది దగా యై యుండును. దారిని పోవువాడు చెప్పినచో, వానికి దీపము విలువ తెలియదని మాత్రమే అర్థము. వైరాగ్యము తనకు తాను చెప్పుకొనవలసిన మాట. నష్టపెట్టినవాడు నష్టపడినవానికి చెప్పదగిన మాట కాదు. మన దేశమున కర్మసిద్ధాంతమును బీదవానికి బోధించి తమ బొక్కసములు నింపుకొన్నవారి చరిత్ర తక్కువది కాదు. ఆ పాత దోషమే ఇచ్చట క్రొత్త వేషమున కనబడుచున్నది.

జరిగినదానిని వెంటనే చాటుకొనవలెనను పాఠమును సంస్థలు నేర్చినవా యన్నచో సందేహమే. 2014 క్రిస్మసు నాడు లిజర్డ్ స్క్వాడ్ అను ముఠావారు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ నెట్‌వర్కులు రెండింటిని పడగొట్టగా, కానుకగా వచ్చిన క్రొత్త యంత్రముల ముందు పిల్లలు వెలవెలబోయి కూర్చుండిరి. 2025 ఫిబ్రవరి 7, 8 తేదీలలో ప్లేస్టేషన్ నెట్‌వర్కు మరల దాదాపు ఒక దినము మూగవోయెను. అదైన పిమ్మట సంస్థవారు ప్లస్ సభ్యులకు ఐదు దినముల కాలము కలిపి ఇచ్చి, కారణముగా నిర్వహణలో సమస్య యని ఒక్క పొడిమాట పలికి ఊరకుండిరి. పదునాలుగేండ్లలో దానము చేయు పద్ధతి స్థిరపడినది. చాటుకొను పద్ధతి మాత్రము మునుపటికన్న కుఱుచయైనది.

కావున నా తీర్పు ఇది. ఆట లేనిదే క్షణము గడవదని తోచిన ఆటగాడు ఆ లేమిని తన వెలితికి కొలతగా గ్రహించి, తన్ను తాను దిద్దుకొనవలెను. అందు ఏ సంస్థయు అతనికి తోడురాదు, రానక్కరలేదు. నమ్మి తన పేరును, సొత్తును, నేస్తమును ఒకరి చేత బెట్టి, ఏమైనదో చెప్పుమని అడుగుచున్న ఆటగాడు మాత్రము, ఎంత గట్టిగా అడిగినను, ధర్మపక్షమున నున్నవాడే. పాఠకులలో తల్లిదండ్రులైనవారికి ఒక మనవి. సర్వరు పడిపోయి పిల్లవాడు తెరముందు మండిపడుచున్నప్పుడు, వెధవ ఆటకింత రాద్ధాంతమా యని కసరుటకు ముందు, వానికి పోయినదేమిటో, దానిని కాపాడుదునని మాట యిచ్చినవాడెవడో ఒక్కమారు అడిగి తెలిసికొనుడు. జవాబు విన్న పిమ్మట వానిని మందలింపవలెనో, వాని పక్షమున నిలిచి ఉత్తరము వ్రాయవలెనో మీకే తెలియును.